బారసాలకి రామని చెప్పిన వియ్యాలవారు

పొద్దున్నే ఒఫీబియా ఒక చేత్తో సజ్జగంజి కలుపుతూ, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని షామియానాల అతనితో దెబ్బలాడుతోంది. తెల్లవి కావాలంటే నీలంవి పంపుతానంటాడేమిటి? శనివారం బారసాల ఎవరిది? సాక్షాత్తూ ఆవిడ మనవరాలిది. కొఫొరిదువా ఊళ్ళో పెళ్ళయినా, చావయినా, చర్చి పండగయినా ఏర్పాట్ల కోసం జనం ముందు ఆవిడ గుమ్మమే తొక్కుతారు. అలాంటి మనిషి సొంత ముంగిట్లో నీలం షామియానా వేస్తే ఊరు నవ్వదూ!

పురిటికి వచ్చిన కూతురు బిరాగో బిడ్డని భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. తల్లి ఫోను పెట్టేసేదాకా ఆగింది.

"అమ్మా, అత్తయ్యా మావయ్యా శనివారం రారట."

"రారా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నారు. రామన్నారు. నా పెళ్ళికి వచ్చింది చాలట."

ఒఫీబియా గరిటె ఆపింది. అల్లుడు ఒబిరికి అన్నీ వినపడతాయి గానీ, అతని తల్లి మన్సాకీ తండ్రి అంపాదుకీ పుట్టుక నుంచీ వినపడదు. దగ్గర్లోని సుహుమ్‌ ఊళ్ళో ఉంటారు. ఆవిడ బట్టలు కుడుతుంది, ఆయన వడ్రంగి. వాళ్ళ మాటలన్నీ చేతులతోనే.

"పెళ్ళికేం తక్కువ చేశానే? మేక మాంసం పులుసు ముందు వాళ్ళ బల్లకే పంపాను. రెండోసారి వడ్డించమని నేనే చెప్పాను."

"ఏ బల్లకమ్మా?"

"ఏ బల్లంటే?"

"స్పీకర్ల వెనక బల్లకి. అక్కడ కూర్చుంటే చెవులు పగిలిపోతాయని ఇంకెవరూ ఒప్పుకోలేదు. అప్పుడు నువ్వేమన్నావో నేను విన్నాను. 'వాళ్ళనక్కడ వేయండి, వాళ్ళకెలాగూ వినపడదుగా' అన్నావు."

గంజి అడుగంటుతున్న వాసన వచ్చింది. ఒఫీబియా పొయ్యి కట్టేసింది.

"అందులో తప్పేముంది? వాళ్ళకి ఇబ్బంది లేదు కదా అనే అన్నాను."

"రోజంతా వాళ్ళకి జనం వీపులు తప్ప ఏమీ కనపడలేదమ్మా! మైకులో ఏం చెబుతున్నారో తెలీదు, ఎందుకు నవ్వుతున్నారో తెలీదు. ఒక్కళ్ళు పక్కన కూర్చుని 'ఏమండీ' అన్న పాపాన పోలేదు. పళ్ళెం పెట్టడం, పలకరించడం ఒకటేనా?"

"నాకే నేర్పుతున్నావా? ఈ ఊళ్ళో అతిథుల్ని ఎలా చూడాలో నన్నడిగి వెళ్తారు జనం!"

"అందుకే చెబుతున్నా. బిడ్డకి పేరు పెట్టాల్సింది తండ్రివైపు తాత. ఆయన రాకపోతే ఇక్కడ బారసాలే లేదు. నేను బిడ్డని తీసుకుని సుహుమ్ వెళ్ళిపోతాను. వాళ్ళింట్లోనే పెట్టుకుంటాం."

గొంతులు విని తండ్రి లార్బీ గడ్డం సబ్బునురగతోనే వచ్చాడు. "ఏమైంది? షామియానా దొరకలేదా?"

"నాన్నా, నువ్వు కాసేపు ఊరుకో," అంది బిరాగో. బిడ్డ ఏడుపు అందుకుంది. కూతురు లోపలికి వెళ్ళిపోయింది.

ఒఫీబియా మాడిన గంజి గిన్నెని కసిగా తోమింది. కోపం వచ్చింది, కాదనలేం. కానీ కోపం కింద ఇంకేదో గిలిగింతలు పెట్టింది. ఇన్నేళ్ళుగా వందల మందిని కూర్చోబెట్టింది, లేపింది, నవ్వించింది, ఏడిపించింది. వినపడని మనుషులు తమలో తాము పండగ ఎలా చేసుకుంటారు? ఒకర్నొకరు ఎలా పిలుచుకుంటారు? జోకులు వేసుకుంటారా? ఇదంతా తనకి ఎందుకు తెలీదు?

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఒక అరటికాయల అత్తం, ఒక పెండలం దుంప సంచిలో వేసుకుని సుహుమ్ వెళ్ళే ట్రోట్రో వ్యాను ఎక్కింది.

వియ్యపురాలి గుమ్మం ముందు నిలబడి, అలవాటు కొద్దీ, "అగో! అగో!" అని కేకేసింది. ఎవరి ఇంటికి వెళ్ళినా అలాగే పిలుస్తారు మరి. లోపల్నించి జవాబు రాలేదు. ఇంకా గట్టిగా కేకేసింది. పక్కింటి కుక్క మొరిగింది. అప్పుడు వెలిగింది ఆవిడకి. తనలో తనే నవ్వుకుంది. గోడకి ఒక మీట కనపడితే నొక్కింది. గంట మోగలేదు. కిటికీలోంచి తొంగిచూస్తూ మళ్ళీ నొక్కితే లోపల దీపం వెలిగి ఆరింది. ఒఫీబియా చిన్నపిల్లలా ఇంకో రెండు మూడుసార్లు నొక్కింది.

మన్సా తలుపు తీసింది. ముఖం బిగుసుకుంది. అయినా పక్కకి జరిగి దారి ఇచ్చింది. ముందు మంచినీళ్ళు ఇచ్చింది. తాగాక, కనుబొమలు ఎగరేసి అరచేతులు పైకి తిప్పింది. ఏం పని మీద వచ్చావు? ఆ ప్రశ్నకి అనువాదం అక్కర్లేకపోయింది.

పెరట్లో వేపచెట్టు నీడన అంపాదు, వాళ్ళలాగే వినపడని స్నేహితులు కొందరు కూర్చుని ఉన్నారు. అందరూ గుండ్రంగా. మాటలు చేతుల్లోంచి ముఖాల్లోకి, ముఖాల్లోంచి చేతుల్లోకి పరుగులు తీస్తున్నాయి. బల్ల మీద పొడుగాటి సీసా అడ్డొస్తే ఒకాయన తీసి కింద పెట్టాడు. ఎండ వెనక నుంచి పడి ఒకామె ముఖం నల్లగా కనపడితే అందరూ కుర్చీలతో సహా జరిగారు. ఎవరినైనా పిలవాలంటే కాలితో నేల తడుతున్నారు. ఎవరికీ ఎవరి వీపూ కనపడటం లేదు. ఒఫీబియా కళ్ళప్పగించి చూసింది.

ఎవరో ఏదో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. ఆవిడా నవ్వింది, కాస్త ఆలస్యంగా, దేనికో తెలియకుండా. చేతికి పళ్ళెం వచ్చింది. పామాయిల్ గింజల పులుసు, దుంప దంచి చేసిన ఫుఫు ముద్ద, చక్కటి చేపముక్క. రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది. ఎంత మంచి పులుసయినా, దాని చుట్టూ మాట లేకపోతే ఇలా చప్పగా ఉంటుందా?

మన్సా అది గమనించిందేమో, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. చేతుల్ని నెమ్మదిగా, పెద్దగా కదిపింది. పసిబిడ్డని పక్కలో పడుకోబెట్టినట్టు చూపించింది. కళ్ళు మూసుకుంది. అరచెయ్యి బిడ్డ గుండెల మీద ఉంచింది. బిడ్డ ఏడిస్తే గుండె అదురుతుంది, చెయ్యి అదురుతుంది, తల్లి లేస్తుంది. ఒబిరిని అలా పెంచింది.

ఒఫీబియా తన చేతిని తన గుండెల మీద పెట్టుకుంది. అర్థమైందన్నట్టు తల ఊపింది. తర్వాత తనూ ఒక బిడ్డని ఊపినట్టు చేసింది, అంపాదు వైపు చూపించింది, పేరు పెట్టేటప్పుడు చేసేలా వేలు నీళ్ళలో ముంచి నాలుకకి తాకించినట్టు చేసింది. రండి, మీరే పేరు పెట్టాలి.

అంపాదు తల అడ్డంగా ఊపాడు. మన్సా కుర్చీ చూపించి, రెండు చేతులూ విప్పింది. మాకు చోటెక్కడ?

ఒఫీబియా చటుక్కున లేచి తన కుర్చీని ఆ గుండ్రానికి నట్టనడుమ వేసి చూపించింది. ఇదిగో, ఇక్కడ! పెద్దపీట! అంపాదు భుజాలు కదిలేలా నవ్వాడు. లేచొచ్చి ఆ కుర్చీలో కూర్చుని, తల వెనక్కి తిప్పి, తిప్పి, మెడ పట్టేసినవాడిలా నటించాడు. నడుమ కూర్చుంటే సగం మంది వెనకే కదా! తర్వాత కుర్చీని మోసుకెళ్ళి, గుండ్రంలోనే, తన కుర్చీ పక్కన వేశాడు. ఆవిణ్ణి కూర్చోమన్నాడు.

శనివారం ముంగిట్లో వరుసలు లేవు, వేదిక లేదు. షామియానా తీసేయించి, మామిడిచెట్టు నీడన ఒకే ఒక్క పెద్ద వలయంగా కుర్చీలు వేయించింది. పొడుగాటి పూలకుండీలు వంటింట్లోకి పోయాయి. తెల్లబట్టల్లో వచ్చిన ఆడపడుచు అనీమా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇదేం ఏర్పాటు ఒఫీబియా? కోడిపుంజుల పందెమా?"

"కూర్చో వదినా. ఇంకో సంగతి. బిడ్డకి పేరు పెట్టేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. నువ్వు కూడా."

"నేనా? నోరు విప్పకుండానా?"

"ఆవిడ వల్ల కాదు," అన్నాడు లార్బీ. "మనవరాలి పెళ్ళిలో పేరు పెట్టుకుందాం పదండి."

నవ్వులయ్యాక నిశ్శబ్దం పడింది. మొదట అందరూ బిగుసుకుపోయారు. దాహంతో అనీమా గ్లాసు కోసం చేతులు ఊపితే ఎవరో విసనకర్ర ఇచ్చారు. ఆవిడ కళ్ళురిమింది. ఎదురుగా ఉన్న మన్సా నవ్వుతూ లేచి, నీళ్ళిచ్చి, 'నీళ్ళు'కి చెయ్యి ఎలా కదపాలో చూపించింది. అనీమా ప్రయత్నించింది. పక్కవాళ్ళకి నేర్పింది. కాసేపట్లో వలయం అంతా చేతులు లేచాయి. సుహుమ్ నుంచి వచ్చిన వినపడని వాళ్ళ దగ్గరికి వినపడే వాళ్ళు వచ్చి మాటలు అడుగుతున్నారు. అలా కాదు, ఇలా అని వాళ్ళు సరిదిద్దుతున్నారు. ఏళ్ళ తరబడి పలకరింపుల్లేని లార్బీ అన్నదమ్ములిద్దరు ఒకరి తప్పులు చూసి ఒకరు నవ్వుకోవడం ఒఫీబియా కంటపడింది. ఇది ఆవిడ అనుకున్నది కాదు.

అంపాదు బిడ్డని ఒళ్ళోకి తీసుకున్నాడు. వేలు నీళ్ళలో ముంచి నాలుకకి తాకించాడు. నీళ్ళని నీళ్ళే అను. తర్వాత సారాయి చుక్క. సారాయిని సారాయే అను, ఎప్పుడూ అబద్ధమాడకు. చేతులతోనే చెప్పాడు. బిడ్డ బుగ్గ మీద సొట్టకి తన వేలు ఆనించి, చేతిమాటల్లో ఇదీ పేరన్నట్టు ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించాడు. వలయం మొత్తం తమ బుగ్గల మీద వేళ్ళు ఆనించుకుని పైకెత్తింది. అప్పుడు ఒబిరి పైకి పలికాడు: "నోటితో పిలిచే పేరు అదోమా."

బిరాగో తల్లి వైపు చూసింది. వచ్చి, ఆవిడ భుజం మీద తల ఆనించింది.

సాయంత్రం జనం పలచబడ్డాక, ఒఫీబియా మన్సా పక్కన కూర్చుని అల్లుణ్ణి పిలిచింది.

"మీ చేతిమాటల్లో అందరికీ ఒక్కో పేరు ఉంటుందటగా ఒబిరీ? మరి నాకేం పేరు పెట్టారు?"

ఒబిరి కిందకి చూశాడు. "ఎందుకులే అత్తయ్యా."

"ఉందన్నమాట! అడుగు, నాకు తెలియాలి."

అతను అడిగాడు. మన్సా తటపటాయించింది. చివరికి కొంచెం పక్కకి తిరిగి, అరచేత్తో తన వీపు తట్టి చూపించింది.

"వీపు," అన్నాడు ఒబిరి మెల్లగా. "పెళ్ళిరోజు నుంచీ."

ఒఫీబియా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తెగిపోయింది. భుజాన పమిటలా వేసుకున్న తెల్లగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకున్నా నీళ్ళు ఆగలేదు. మన్సా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో ఏదో చెప్పింది.

"పేరు మారుస్తారట. కానీ తొందరపడరట. వచ్చే ఆదివారం అన్నానికి రమ్మంటోంది. మిమ్మల్ని ఇంకా చూసి, తెలుసుకుని అప్పుడు పెడతారట."

"వస్తానని చెప్పు నాయనా," అంటూనే ఒఫీబియా ఆగిపోయింది. "వద్దు. నువ్వు చెప్పకు."

కుర్చీని మన్సాకి పూర్తిగా ఎదురుగా తిప్పుకుంది. ఏం చెయ్యాలో సరిగ్గా తెలియని రెండు చేతుల్నీ మెల్లగా పైకి ఎత్తింది.