పోటీలో ఇంకొకరు

పెద్దావిడ రెండో విడత కాఫీ కలుపుతుండగా కూతురు వచ్చింది. చెప్పులు విడిచిన తీరులోనే కోపం తెలిసిపోయింది. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు పని చేస్తున్న కోడలు బల్ల దగ్గర ఫైలు సర్దుకుంటోంది. వీధి చివరి మూల ఇంటికి ధర చెప్పడానికి ఈ రోజే ఆఖరు. కూతురు ఆ ఇంటి మీద మనసు పడి నెలయింది.

“పోటీలో ఇంకొకరున్నారన్నావు. వాళ్ళెంత చెప్పారు?” అంది కూతురు.

“అది చెప్పను వదినా. మీ అంకె వాళ్ళకీ చెప్పలేదు.”

“అసలున్నారా? పోయినసారి ఏజెంటు లేనివాళ్ళను ఉన్నారని చెప్పి మా చేత రేటు పెంచించాడు. ఇప్పటికీ ఆ ఏడుపే ఏడుస్తున్నాం.”

పెద్దావిడకు ఒళ్ళు మండింది. “సొంత ఆడపడుచు దగ్గర కూడా ఏంటమ్మా ఈ దాపరికం? చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?”

“చెబితే ఇద్దరికీ చెప్పాలి అత్తయ్యా. ఇల్లు అమ్మే ఇంటాయన వద్దన్నారు.”

“అయితే ఆ ఇల్లు మాకొద్దు. మా పేరు కొట్టెయ్,” అంది కూతురు.

“ఖాయమేనా వదినా?”

“ఖాయమే.”

కోడలి మొహం చిన్నబోయింది. అయినా ఫోను తీసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల ఒక మగగొంతు పలికింది. వెనక చంటిపిల్ల ఏడుస్తోంది.

“పోటీలో ఉన్నవాళ్ళు తప్పుకున్నారండీ. ఇప్పుడు మీరొక్కరే,” అంది కోడలు.

“ఇంకొంచెం పెంచుదామని మా ఆవిడ మెళ్ళో గొలుసు తీసిచ్చిందండీ. అక్కర్లేదంటారా?”

“అక్కర్లేదండీ. మీరు చెప్పిన ధరే ఇంటాయనకు చెబుతాను.”

పెద్దావిడ నోరు తెరిచింది. “ఊరుకుంటే నీ కమిషనూ పెరిగేది కదే.”

“పెరిగేది. కానీ ఉన్నది ఉన్నట్టే చెబుతానని ఇంటాయనకు మొదటిరోజే చెప్పాను అత్తయ్యా. ఆయన సరేనన్నాకే పని పట్టుకున్నాను.”

కూతురు కుర్చీలో కూలబడింది. కళ్ళు నిండిపోయాయి. “అప్పుడు మాకు ఇలా చెప్పేవాళ్ళు లేకపోయారే,” అంది.

“ఇంకా టైముంది. మళ్ళీ ధర చెప్పొచ్చు వదినా. చెబితే వాళ్ళకూ ఇంకోసారి ఫోను చేస్తాను.”

కూతురికి ఏడుపులోనే నవ్వొచ్చింది. “వద్దులే, వాళ్ళనే ఉండనీ. మాకు ఇంకోటి నువ్వే చూసిపెట్టు.”

పెద్దావిడ చల్లారిన కాఫీ వేడిచేసి మొదటి గ్లాసు కోడలి చేతికిచ్చింది. కోడలు ఇళ్ళ బేరాలు కుదురుస్తుందని నలుగురిలో చెప్పుకోవడానికి ఇన్నేళ్ళూ ఆవిడకు నామోషీగా ఉండేది.

సాయంత్రం పై వాటా ఆవిడ దిగి వచ్చింది. “ఆ మూల ఇల్లు ఎంతకు పోయిందో మీ కోడలినడిగి చెబుదురూ.”

“అది చెప్పదండీ,” అంది పెద్దావిడ తలెత్తి. “ఆడపడుచుకే చెప్పలేదు.”