కొండ మీద మబ్బు, చెరువు మీద ధ్యాస

"దేశాన్ని అమ్మేవాడికి మొహం ఉండదు. అందుకే ఫొటో లేదు," అంది శ్యామలాంబ.

రాజమహేంద్రవరంలో చీరల కొట్టు వెనక గది. పైకి కొట్టు ఓనరు, లోపల గూఢచారి శాఖ చీఫ్ ఆవిడ. ఎదురుగా ఏజెంట్ గణేష్‌బాబు.

"మన సబ్‌మెరైన్ తిరిగే దారంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంది. రేపు మారేడుమిల్లి కొండ మీద విదేశీ ముఠా డ్రోన్ వచ్చి పట్టుకుపోతుంది. అది పోయిందో, నీళ్ళ కిందున్న మన కుర్రాళ్ళు ఒక్కరూ ఇంటికి రారు."

"తెచ్చేవాడెవడండీ?"

"మన డెల్టా వాడే. మారువేషంలో వస్తాడు. ముఠాలో మనం పెట్టిన భవ్య వాణ్ణి చూపిస్తుంది."

"రెండు చోట్లా జీతం తీసుకునే మనిషి కదండీ?" గణేష్‌బాబు మూతి విరిచాడు.

మర్నాడు కొండ అంచున లుంగీ కట్టి, నిప్పుల మీద బొంగు చికెన్ కాలుస్తూ కూర్చున్నాడు. తలకి చుట్టిన తువ్వాలు కింద ఇయర్‌పీస్. ఎండ ఫెళ్ళున కాస్తోంది. చుట్టూ ముగ్గురే: నల్ల కళ్ళద్దాల భవ్య, కెమెరా పట్టుకున్న తెల్లవాడొకడు, హిందీ తప్ప మరో ముక్క రాని రాజస్థాన్ తలపాగా సేటు.

భవ్య దగ్గరికొచ్చింది. "కారం తక్కువ వెయ్యండి." అదే కోడ్ వర్డ్.

"మా దగ్గర తక్కువలుండవండి."

"ఆ తెల్లవాడే," అంది గుసగుసగా.

గణేష్‌బాబు చెయ్యి నడుం దగ్గర పిస్టల్ మీదికి పోయింది. అంతలో ఎండ చచ్చిపోయింది. అవతలి కొండ మీంచి మబ్బు పాలు పొంగినట్టు దిగింది. చలిగాలి కొట్టింది. టపటపా చినుకులు.

సేటు పైకి చూసి గుడ్లు తేలేశాడు. కోటులోంచి శాటిలైట్ ఫోన్ లాగాడు.

"ఒరేయ్ సత్తియ్యా! మబ్బు కమ్మేసిందిరా! ఏరేటర్లన్నీ వేసెయ్! రొయ్య చచ్చిపోద్ది!"

కొండ మీద మబ్బేస్తే ఎక్కడో భీమవరం అవతలున్న తన రొయ్యల చెరువుకేం? కానీ మబ్బేస్తే, ఏరేటర్లు తిప్పి గాలి కొట్టకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని ఏళ్ళ తరబడి హడిలినవాడు. బుర్ర కంటే ముందు చెయ్యి ఫోన్ మీదికి పోయింది. హిందీ హిందీ దారిన పోయింది.

"సబ్‌మెరైన్‌లో మనుషుల మీద లేని ఆక్సిజన్ బెంగ రొయ్య మీదొచ్చిందా బాబూ?" అన్నాడు గణేష్‌బాబు.

మబ్బులోంచి డ్రోన్ దిగింది. సేటు పెన్‌డ్రైవ్‌ని దాని కొక్కేనికి తగిలించేశాడు. భవ్య లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్.

"కదలకండి గణేష్‌బాబుగారూ."

"చంపేటప్పుడు కూడా గారేనా? ఎంత మర్యాదండీ!"

ఆమె పేల్చింది. అప్పటికే ఇద్దరి మధ్యా మబ్బు గోడ కట్టేసింది. గుండు గాలిలో పోయింది. గణేష్‌బాబు కాలుతున్న వెదురు బొంగు తీసి డ్రోన్ మోత వినిపించిన వైపు విసిరాడు. లోయ దాటబోతున్న డ్రోన్ ఫెటిల్లున విరిగి, పెన్‌డ్రైవ్‌తో సహా అంచునే పడింది.

గణేష్‌బాబు మబ్బు చాటున వెనకనుంచి వెళ్ళాడు. క్షణాల్లో సేటుకీ భవ్యకీ బేడీలు పడ్డాయి. తెల్లవాడు మాత్రం ఇంకా మబ్బుని ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

కింద పడ్డ ఫోన్ అరుస్తోంది. "బాబుగారూ! ఇక్కడ ఎండ మాడ్చేత్తందండి! ఏరేటర్లు వెయ్యమంటారా?"

గణేష్‌బాబు ఫోన్ తీశాడు. "వద్దు సత్తియ్యా, కరెంటు దండగ. ఇకనుంచి మీ బాబుగారికి మబ్బైనా ఎండైనా ఒకటే. ఆయన పోయే గదికి కిటికీ లేదు."