తెల్లబడిన ఉంగరం

సరస్సులో సెన్సర్లు దించే శాస్త్రజ్ఞుణ్ణి ఎవరో పడవలోనే కాల్చి చంపారు. రెండోరోజు అతని తమ్ముడు, ఏజెంట్ కొంగ, మెకానిక్ వేషంలో పంప్‌హౌస్‌లో అడుగుపెట్టాడు. అన్న పోతే సెలవివ్వాల్సిన డిపార్ట్‌మెంట్ అసైన్‌మెంట్ ఇచ్చింది.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. అడుగు నీళ్లలో సల్ఫైడ్ పేరుకుని ఉండగా గేటు తీస్తే, విషవాయువు లేచి దిగువ కాలనీని నిలువునా చంపేస్తుంది. విదేశీ ముఠా కోరేది అదే. ఈ ఉదయమే గేటు తీస్తున్నారు. సెన్సర్ నిజం చెబుతోందో లేదో ఆలోపు తేల్చాలి. లోపల సాయానికి మన ఏజెంటే ఉంది, అన్న భార్య.

"పడవకి చిల్లుందా?" అన్నాడు కొంగ.

"ఉంటే ఈదుకుంటూ రా."

కోడ్ సరిపోయింది. నల్లకళ్లద్దాల వెనక వదిన అందం చెక్కుచెదరలేదు. అది చూస్తే అతనికి ఒళ్లు మండింది. ఆమె స్క్రీన్ చూపించింది. గీత చదునుగా ఉంది, అంటే సల్ఫైడ్ లేదు. అన్న పోయాక ఎలక్ట్రోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదని కూడా చెప్పింది.

ఆ ఎలక్ట్రోడ్ పాదరసం పూసిన బంగారు తీగ. సల్ఫైడ్ తగిలితే స్క్రీన్‌పై గీత నిటారుగా లేస్తుంది. పాదరసం తగిలితే బంగారం తెల్లబడి పాడవుతుంది కాబట్టి అన్న ల్యాబ్ గుమ్మంలోనే గిన్నె పెట్టి అందరి ఉంగరాలూ తీయించేవాడు. ఇదేం తాకట్టు కొట్టా అని కొంగ ఏడిపించేవాడు.

వదిన పెళ్లి ఉంగరం ఒక పక్క వెండిలా తెల్లబడి ఉంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కొంగ ఖాకీ చొక్కా కింద నడుముకు చుట్టుకున్న కేబుల్ విప్పి, ఒక కొస స్క్రీన్‌కి తగిలించి, రెండో కొసనున్న స్పేర్ ఎలక్ట్రోడ్‌ను, అన్న ఎప్పుడో తనకిచ్చి దాచమన్నదాన్ని, కిటికీలోంచి సరస్సు అడుగుకి వదిలాడు. అప్పటికే పంప్‌హౌస్ ఇంజనీర్ గేటు మీట నొక్కేశాడు. మోటారు మూలిగింది. స్క్రీన్‌పై గీత నిలువుగా ఎగబాకింది.

"ఆపండి," అని అరిచాడు కొంగ.

గేటు వేలెడు లేచి ఆగిపోయింది.

వదిన చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లేలోపు కొంగ దాన్ని లాక్కున్నాడు. అందులో పిస్తోలు ఉంది. అన్న గుండెలో దిగిన తూటా దీనిదేనా అని అడిగితే ఆమె అవునంది. గేటు తీయనివ్వనని ఆయన మొండికేశాడట.

"పూత గీకేటప్పుడు ఉంగరం తీసి ఉంటే దొరికేదానివి కాదు. నీకు తెలుసు కదా వదినా, ఎందుకు తీయలేదు?"

"మీ అన్న తొడిగింది. తీయబుద్ధి కాలేదు."

సాయంత్రం చీఫ్ ఫోన్లో మెచ్చుకున్నాడు. అంత గడుసుది ఎక్కడ తప్పటడుగు వేసిందని అడిగాడు.

"మా అన్నంటే ఆవిడకి ప్రాణం సార్," అన్నాడు కొంగ.