ఎవరో ఆడమనిషి కేకలు

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు న్యూజీలాండ్‌లోని పోరిరువా ఊరి రేవు పక్కన, కార్లు ఆపే మైదానంలో, నగర అధికారులు ఒక కారు పైనుంచి నాలుగు లౌడ్‌స్పీకర్ బూరలు ఊడదీసి తీసుకెళ్లారు. కారు సేఫోది. చర్చి పెద్ద ఇయోసెఫా కొడుకు. ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది సేఫో తల్లి ఫెతూ. ఎవరి కారో ఆమెకు తెలియదు.

ఆదివారం పొద్దున ఆమె వంటింట్లో చేమదుంపలు చెక్కు తీస్తోంది. కిటికీలోంచి కొడుకు కారు కనిపించింది. పైన కమ్మీలు ఖాళీగా ఉన్నాయి. ఆమె చేతులు ఆగిపోయాయి.

చర్చికి తెల్లకోటు వేసుకున్న ఇయోసెఫాకు అప్పటికే ఎవరో చెప్పారు.

"రేవు దగ్గర మోత పెట్టేవాళ్లకి ఇంట్లో పెద్దలు లేరా అని పోయిన ఆదివారమే అడిగాను. అందరి ముందూ."

"విన్నాను నాన్నా. వెనక బెంచీలోనే ఉన్నా."

"వెటకారమా? ఆ కారు అమ్మేసెయ్. లేదంటే బట్టలు సర్దుకుని పో."

సేఫో లోపలికి వెళ్లి సంచితో వచ్చాడు.

"ఫోన్ చేసిన మహానుభావులెవరో తెలిస్తే, వాళ్లకో దండం పెట్టి పోతా."

"నేనే," అంది ఫెతూ. రెండేళ్ల కిందట థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఆమె గొంతు బొంగురుపోయింది. మళ్లీ చెప్తేగానీ ఇద్దరికీ వినపడలేదు. "నేనేరా. నిన్న తెల్లారుజామునే డ్యూటీకి పోయొచ్చి పడుకున్నా. ఎవరో ఆడమనిషి కేకలు పెడుతోంది, నిద్ర పట్టట్లేదని చెప్పా. నువ్వని తెలీదు."

సేఫోకు నవ్వు వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. సంచి కింద పెట్టాడు.

"ఆ ఆడమనిషివి నువ్వేనమ్మా."

"ఆపరేషన్‌కి ముందు క్రిస్మస్‌కి పాడావు కదా, అప్పుడు రికార్డు చేసుకున్నా, అదే. బూరల్లో కింది స్వరాలు పలకవు. పైస్థాయి ఒక్కటే దూరం పోతుంది. మూడు కార్లతో పోటీ, ఎవరి పాట మిగతావాళ్ల పాటల్ని మింగేస్తే వాళ్లే గెలిచినట్టు. నువ్వు చివరి చరణం అందుకునేసరికి ముగ్గురూ ఓడిపోయి తమ పాటలు కట్టేశారు."

"నా గొంతు నేనే పోల్చుకోలేదేంట్రా," అంది ఫెతూ. కత్తి బల్ల మీద పెట్టింది. "ఇంట్లో ఒక్కసారీ పెట్టలేదేం?"

"నువ్వు ఏడుస్తావని."

ఇయోసెఫా చెయ్యి చాపాడు. "తాళాలియ్యి."

సేఫో ఇచ్చాడు. ఇయోసెఫా వెళ్లి కారులో కూర్చున్నాడు. లోపలి స్పీకర్లను అధికారులు ముట్టుకోలేదు. పాట పెట్టి మోత పెంచే మీట తిప్పాడు. చాలలేదు. ఇంకా తిప్పాడు.

ఫెతూ తడిచేతులతో మెట్ల మీదికి వచ్చింది. ఇప్పుడు కింది స్వరాలు కూడా వినిపిస్తున్నాయి. రెండో చరణానికి ఆమె పెదాలు కదిలాయి. కళ్లు తుడుచుకోలేదు. సేఫో పక్కన నిలబడి ఆమె భుజం పట్టుకున్నాడు.

పక్కింటాయన కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏంటి పెద్దగారూ, మీరు కూడానా? ఆదివారం పూట. కాస్త తగ్గించండి."

పాట అయ్యేదాకా ఇయోసెఫా తగ్గించలేదు.