దారి అడిగిన కోడలు

వంటింట్లో టీ మరుగుతుండగానే ముందుగదిలోంచి పాచికల చప్పుడు వినిపించింది. అత్తగారికి ఒళ్లు మండిపోయింది.

"ఇంకా టీ నీళ్లయినా గొంతులో పడలేదు, అప్పుడే మొదలు!"

"తన ఉద్యోగమే అది కదమ్మా," అన్నాడు కొడుకు బూట్లు తొడుక్కుంటూ. ఇంకో మాట వచ్చేలోపే గుమ్మం దాటేశాడు.

కోడలు ఆటలు తయారుచేసే ఓ చిన్న సంస్థలో పనిచేస్తోంది. ఇప్పుడు చేస్తున్నది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులై తామేం చేస్తామో చెబుతారు. తేలని చోట పాచికలు వేస్తారు. అందులో అడవి ప్రయాణానికి నియమాలు రాసే పని ఆమె మీద పడింది. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం.

"అడవి రావట్లేదత్తయ్యా. పాచిక వేస్తున్నారు, దాటేస్తున్నారు. దారి తప్పుతామన్న బెదురే లేదు," అని వాపోయేది.

అత్తగారి గోడు వేరు. బతుకంతా బస్సు నడిపిన భర్తకు కిందటేడు చూపు పోయింది. అప్పట్నుంచి ఆయన కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. ఆమె ఆయన్ను పసిబిడ్డలా సాకుతోంది. చొక్కా ఆమే ఎంచుతుంది, అన్నం ఆమే కలుపుతుంది, రేడియో ఆమే పెట్టి ఆమే కట్టేస్తుంది. ఆయన ఔననడు, కాదనడు.

అలాంటి మనిషిని కోడలు కొద్దిరోజులుగా ఆటలోకి దింపింది.

టీ కప్పులతో అత్తగారు గదిలోకి అడుగుపెట్టేసరికి ఆయన నెత్తి కొట్టుకుంటున్నాడు. "అయ్యో, లోయలో పడ్డానా! పొగమంచులో అంత తొందరపడకుండా ఉండాల్సింది!"

కప్పులు బల్ల మీద ఠపీమని పెట్టింది. "చాలమ్మా! కళ్లు లేని మనిషిని లోయల్లోకి తోసి ఆడుకుంటావా? ఆయన బాధ నీకు ఆటగా ఉందా?"

కోడలి మొహం పాలిపోయింది. "అది కాదత్తయ్యా..." అంటూ కాగితాలు సర్దబోయింది.

"నువ్వు కూర్చోమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంతులో ఎన్నాళ్లుగానో లేని గట్టిదనం. తర్వాత భార్య వైపు తల తిప్పాడు. "పడింది నేను. ఆ దారి ఎంచుకున్నదీ నేనే. చూపు పోయాక ఈ ఇంట్లో నన్ను ఎటు వెళ్దామని అడిగింది ఈ పిల్లొక్కతే."

ఏడాదిగా తాను చేసిన సేవంతా అత్తగారి కళ్లముందు తిరిగింది. అందులో ఒక్క ప్రశ్నైనా లేదు.

"ఆటలోంచి అడవి పటం తీసేశానత్తయ్యా," అంది కోడలు మెల్లగా. "మావయ్యగారికి పటం చూపించలేను కదా. అందుకని ఎడమవైపు నీళ్ల చప్పుడు, కుడివైపు పొగ వాసన, అంతే చెప్పాను. వేగంగా నడిస్తే గుర్తులు చేజారతాయి. నెమ్మదిగా నడిస్తే తిండి తరుగుతుంది. ఏదో ఒకటి ఆయనే తేల్చుకోవాలి. పటం తీసేశాకే అడవి వచ్చింది."

అత్తగారు కోడలి వైపు కొత్తగా చూసింది. కొట్టివేతలతో నిండిన ఆ కాగితాల వెనక ఇంత బుర్ర, ఇంత మనసు ఉన్నాయని తనకు తట్టనేలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని భర్త పక్కన కుర్చీ లాక్కుంది.

"ఈయన్ని లోయలోంచి లాగడానికి ఇంకో మనిషి పనికొస్తుందా?"

కోడలి మొహం విప్పారింది. "ఎందుకు పనికిరారు! తాడు మీ దగ్గరుంది. పైన గాలి పెరుగుతోంది. ఏం చేస్తారు?"

"చెట్టుకు కట్టి దింపుతాను."

"చెట్టొద్దు, బండకు కట్టు. గాలికి చెట్టు ఊగదూ?" అన్నాడు ఆయన.

"పడ్డవాళ్లు కూడా సలహాలిస్తారా?" అంది అత్తగారు.

ఆయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఆమె కళ్లు మళ్లీ నిండాయి. ఈసారి తుడుచుకోలేదు.

"మాట్లాడవేం? అలిగావా?" అన్నాడు ఆయన.

"లేదులెండి, బండ వెతుకుతున్నాను," అంది ఆమె.

కోడలు గబగబా కలం అందుకుంది. తోటి ప్రయాణికుల మధ్య మాట కుదరకపోతే ఏం జరగాలో ఆ నియమాల్లో ఇంకా రాయనేలేదు.