కుట్టుకో అంగుళం

వెల్డరుకు చాలామంది మీద కోపముంది. ఏడో తరగతిలో బడి మాన్పించిన మేనమామ మీద, పని చేయించుకుని మొహం చాటేసే కాంట్రాక్టర్ల మీద, నలభై నాలుగేళ్లొచ్చినా పెళ్లి కాలేదని రోజూ కసిరే అమ్మ మీద. ఆ ఏడాది మాత్రం వీళ్లందరినీ వెనక్కి నెట్టి ఒక ఆడమనిషి మొదటి స్థానం కొట్టేసింది. వీధి చివర టైలరింగ్ షాపు ఆవిడ. వృత్తిని బట్టో నోటిని బట్టో గానీ, అందరూ ఆమెను కత్తెర అంటారు.

కత్తెర చేసిన నేరం సాఫ్ట్‌బాల్. పేరులో ఉన్న మెత్తదనం బంతిలో లేదు. వారంలో మూడోసారి ఆ బంతి అతని షెడ్డు రేకు చీల్చుకుని, అప్పుడే టాకాలేసిన గేటు మీద పడింది. వెల్డరు ఆ బంతి పట్టుకుని తన యార్డు రేకుల ప్రహరీ అవతలి ఖాళీ స్థలంలోకి దూసుకెళ్లాడు. సగం స్థలం నిండా ముళ్లకంప. మిగతా సగంలో కత్తెర, ఒక నర్సు, ఒక బస్సు కండక్టరు, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఆడుతున్నారు.

"నా రేకుకు ఎవరు కడతారు?" అన్నాడు.

"మా క్లబ్బులో డబ్బుల్లేవండీ. మనుషులున్నారు. కావాలంటే పట్టుకెళ్లండి," అంది కత్తెర.

ఎగతాళి చేస్తోందనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆరుగురూ నిచ్చెన వేసుకుని షెడ్డెక్కేశారు. రేకు మార్చారు. పైన పేరుకున్న చెత్తంతా ఊడ్చారు. దిగి వచ్చి వెల్డరు అమ్మ దగ్గర టీ తాగి, మీ అబ్బాయి మరీ ముభావమండీ అని చెప్పి వెళ్లారు. అమ్మ వారం రోజులు వాళ్ల గురించే మాట్లాడింది.

ఆ క్లబ్బు పద్ధతే అది. చందా లేదు. కత్తెర షాపు గోడకు బట్టలు కత్తిరించే గోధుమరంగు కాగితం ఒకటి వేలాడుతుంది. చేరేవాళ్లు దాని మీద తమ పనేమిటో, వారంలో ఏ రెండు గంటలు ఇస్తారో రాయాలి. అలా ప్లంబరు కుళాయి పెట్టాడు. రంగులు వేసేవాడు గీతలు గీశాడు. పళ్ల డాక్టరు, తన పనితో ఇక్కడెవరికీ అవసరం లేదు కనుక, ముళ్లు పీకాడు.

వెల్డరు చేరలేదు. కానీ బ్యాటరు వెనకాల వల కట్టడానికి వాళ్లు పాతిన స్తంభం నాలుగు వేళ్లు పక్కకు ఒరిగింది. అది అతని షెడ్డులోంచి చక్కగా కనిపిస్తుంది. మూడు రోజులు అతనికి అన్నం సహించలేదు. నాలుగో రోజు సామాన్లు మోసుకుని వెళ్లి, తను క్లబ్బులో చేరడానికి రాలేదని, ఆ స్తంభం కళ్లలో గుచ్చుకుంటోందని, అంతకుమించి ఏమీ లేదని ముందే తేల్చి చెప్పాడు.

కత్తెర కాగితం మీద అలాగే రాసుకుంది: 'వెల్డరు. చేరలేదు. మంగళ, శుక్రవారాలు, రెండేసి గంటలు.'

స్తంభం నిలబెట్టాక బెంచీలు. బెంచీల తర్వాత వాటికి నీడ. ఆరుగురు కాస్తా ముప్పై ఒక్కరయ్యారు. వెల్డరు అమ్మ ఒక కుర్చీ వేయించుకుని స్కోరు రాయడం నేర్చుకుంది. కొడుకు మంగళ, శుక్రవారాల్లోనే గడ్డం గీసుకుంటున్నాడన్న సంగతి కూడా ఆ పుస్తకంలోనే గుర్తు పెట్టుకుంది.

ఒకరోజు వాన పట్టుకుంది. కత్తెర అతను వేసిన రేకుల నీడలోకి పరుగెత్తుకొచ్చి, పిగిలిన బంతికి కుట్లు వేస్తూ కూర్చుంది. వెల్డరు మొహానికి నల్లద్దం మాస్కు పెట్టుకుని ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె తలెత్తకుండానే అడిగింది. "నిప్పురవ్వ లేకపోతే ఆ అద్దంలోంచి ఏమీ కనపడదటగా?"

"కనపడదు."

"మరి వానలో కరెంటు కూడా ఆపేశారు. ఇటువైపే చూస్తూ ఏం చేస్తున్నారు?"

వెల్డరు మాస్కు తీయలేదు. తీస్తే మొహం కనపడుతుంది.

ఇంతలో గడువు దగ్గర పడింది. ఆ స్థలం మున్సిపాలిటీది. ఏడాది లోపల సాఫ్ట్‌బాల్ లీగు గుర్తింపు తెస్తే క్లబ్బుకే వదిలేస్తామన్నారు. తేకపోతే లారీలు నిలుపుకుంటారు. మైదానం పోతే మిగతావాళ్లకు ఆట పోతుంది. వెల్డరుకు వారంలో రెండు రోజులు పోతాయి. ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు? చేరనివాడు చెప్పుకోకూడదు కూడా.

శనివారం మధ్యాహ్నం, పరుగెత్తేవాళ్లు ముట్టుకోవాల్సిన నాలుగు బేసులు పాతడానికి కొలతలు తీశారు. బేసుకూ బేసుకూ మధ్య అరవై అడుగులు. రెండు వైపులు కత్తెర తన టేపుతో, రెండు వైపులు వెల్డరు తన ఇనుప గొట్టంతో కొలిచారు. ఒకరి పని ఒకరు తనిఖీ చేయడం మర్యాద కాదని ఇద్దరూ అనుకున్నారు.

ఆదివారం లీగు నుంచి కొలతలాయన పొడవాటి టేపుతో దిగాడు. నాలుగు వైపులా నడిచి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నడిచాడు.

"ఇది మైదానమా, గాలిపటమా?" అన్నాడు.

రెండు వైపులు అరవై ఒకటి. రెండు వైపులు యాభై తొమ్మిది. విచారణ మొదలైంది. కత్తెర ఐదడుగుల టేపు పన్నెండుసార్లు వేసింది, వేసిన ప్రతిసారీ ఒక అంగుళం ఎక్కువ తీసింది. కుట్టుకు వదలొద్దా అని ఎదురడిగింది. వెల్డరు పదడుగుల గొట్టం ఆరుసార్లు పెట్టాడు, పెట్టిన ప్రతిసారీ రెండంగుళాలు తగ్గించాడు. టాకా నిండటానికి సందు ఉండాలిగా అని గొణిగాడు. ముప్పై ఏళ్ల చేతి అలవాటు. ఇద్దరి చేతులూ ఇద్దరికీ చెప్పకుండానే పని కానిచ్చేశాయి.

బేసులు గంటలో సరిచేశారు. అసలు పిడుగు తర్వాత పడింది. బ్యాటరు నిలబడే హోమ్ ప్లేటు నుంచి అవతలి హద్దు రెండు వందల అడుగులుండాలి. నూట తొంభై ఒకటే ఉంది. వెనక్కి జరుగుదామంటే రోడ్డు. ముందుకంటే వెల్డరు యార్డు ప్రహరీ. నాలుగింటి బస్సుకు వెళ్తానని, ఆ లోపు తొమ్మిదడుగులు చూపిస్తే సంతకం పెడతానని చెప్పి కొలతలాయన బెంచీ మీద కూలబడ్డాడు.

ఎవరైనా వచ్చి అడుగుతారని వెల్డరు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ప్లంబరు రెండడుగులు ఇటు వేయబోతే కత్తెర కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. అది చూసేసరికి వెల్డరుకు ఒళ్లు మండింది. నేరుగా ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె గీతలు గీసే తాడు చుట్టుకుంటోంది.

"నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇచ్చేస్తారని."

"ఇస్తే నష్టమేంటి?"

"ఇచ్చిన మర్నాటి నుంచి, 'ఇది స్థలం కోసమే నాతో నవ్వుతూ మాట్లాడింది' అనుకుంటారు. మీ బుర్ర నాకు తెలీదా? మైదానం పోతే ఎక్కడో ఇంకోటి వెతుక్కుంటాను. మీరలా అనుకుంటే మాత్రం..." తాడు చేతిలో ఆగింది. "మంగళవారాలు ఏం చేసుకోను?"

వెల్డరుకు ఆ జవాబు మీద కోప్పడటానికి ఏ వైపూ దొరకలేదు.

"శుక్రవారాలు కూడా ఉన్నాయి," అన్నాడు చివరికి.

ఆమె తల దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాడు. నవ్వుతోంది.

"నేను అనుకోను," అన్నాడు. "అనుకున్నా పైకి చెప్పను. అమ్మ ఒక్కత్తే ఆ ఇంట్లో నన్ను తిట్టలేక అలిసిపోతోంది. నువ్వు కూడా వస్తే బాగుంటుంది."

అతను తనను నువ్వు అనడం అదే మొదటిసారి. కత్తెర నోట మాట రాలేదు. అలా జరగడం కూడా అదే మొదటిసారి. తల మాత్రం ఊపింది.

అతను గ్యాస్ కట్టరు తెచ్చి, తన చేత్తో నిలబెట్టిన ప్రహరీ స్తంభాలను ఒక్కొక్కటే కోశాడు. ముప్పై ఒక్కరూ రేకులు మోశారు. పళ్ల డాక్టరు, చివరికి తన పని దొరికిందంటూ, పాత స్తంభాల మొదళ్లు పీకాడు. నాలుగుకు పది నిమిషాలుండగా టేపు రెండు వందల దగ్గర ఆగింది. కొలతలాయన సంతకం చేసి బస్సుకు పరుగెత్తాడు.

అమ్మ కుర్చీలోంచి లేచి, కత్తెర గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా వాడు తీసుకున్న నిర్ణయాల్లో వంకర లేనిది ఇదొక్కటేనమ్మా," అంది.

సోమవారం పొద్దున వెల్డరు గడ్డం గీసుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లి, తన యార్డులో వదిలిన స్థలం క్లబ్బుకు రాసిచ్చాడు. బదులుగా ఏం ముట్టిందో కాగితంలో చూపించాలన్నాడు గుమాస్తా. ఏమీ ముట్టలేదని రాయమని, వెల్డరు ఎందుకో నవ్వాడు. తొమ్మిదడుగుల వెడల్పు, నూట పది అడుగుల పొడవు. సరిగ్గా నూట పది గజాలు పోయాయి.