ఎద్దెక్కిన అమ్మాయి

పరుగు!

మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్‌లో రోడ్డంతా లారీల జామ్. కారు అక్కడే వదిలేసి పునిత వానలో పరుగెడుతోంది. రెయిన్‌కోటు కింద, గుండెలకు అదుముకున్న పల్చటి ఫోల్డర్.

అందులో ఒకే ఒక్క కాగితం. నాలుగు వందల ఏళ్లనాటి ఇటలీ బొమ్మ. ఎద్దు రూపమెత్తిన దేవుడు ఒక అమ్మాయిని వీపు మీద ఎక్కించుకుని సముద్రంలోకి దూకుతున్నాడు. పెద్ద పెయింటింగ్ వేసేముందు చిత్రకారుడు ఎర్ర చాక్‌తో గీసుకున్న నమూనా.

దొంగ సొత్తు!

దొంగ ఇంకెవరో కాదు. తనే.

పాత బొమ్మలు బాగుచెయ్యడం పునిత పని. కౌలాలంపూర్‌లో ఒక పెద్దాయన నమ్మి చేతికిస్తే, నకలు గీసి, ఆ నకలే ఆయనకు తిరిగిచ్చింది. ఆయన మురిసిపోయి థాంక్స్ చెప్పాడు. ఆ థాంక్స్ ఇప్పటికీ ముల్లులా గుచ్చుతోంది.

అసలుది దొంగ సరుకు కొనే తిబన్‌కి అమ్ముతానంది. తర్వాత భయమేసి మాట తప్పింది.

తిబన్ ఊరుకుంటాడా? తమ్ముణ్ణి ఎత్తుకుపోయాడు.

ఏ పాపం ఎరగని శ్రీకుమార్‌ని!

నా వల్లే... అంతా నా వల్లే...

అదిగో తిబన్ రమ్మన్న గోదాము! సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి లోపలికి దూరుతుంది.

కుర్చీకి కట్టేసి ఉన్నాడు శ్రీకుమార్. పెదవి చిట్లి నెత్తురు. కణతకి తిబన్ మనిషొకడు ఆనించిన పిస్టల్.

"అక్కా... ఈడు ఏ బొమ్మ అడగతన్నాడు? నువ్వు ఏటి సేసినావు?"

పునిత తమ్ముడి కళ్లలోకి చూడలేకపోతుంది.

"తే లా," మాట చివర మలాయ్ 'లా' తగిలిస్తూ తిబన్ చెయ్యి చాపుతాడు. ఒకే రబ్బరు ఎస్టేట్‌లో పునితతో కలిసి పెరిగినవాడు. ఆ చనువుతోనే బేరం కుదిరింది.

ఫోల్డర్ తెరుస్తాడు. టార్చ్ వేస్తాడు.

మొహం మారిపోతుంది!

"ఏటి లా ఇది?"

పునిత తొంగిచూస్తుంది.

ఎద్దు నుదుటి మీద కుంకుమ బొట్టు. అమ్మాయి నుదుటి మీద ఇంకోటి. అంచున పసుపు!

అవ్వ!

బొమ్మని పూజ గదిలో దాచింది పునితే. "అమ్మోరి పటం అవ్వా, ముట్టుకోకు" అని అబద్ధం చెప్పింది. ఆ తర్వాత దాన్ని తెరిచి చూసే మొహమే లేకపోయింది. ఎద్దెక్కిన అమ్మవారు కనపడితే అవ్వ ఎర్రమ్మ బొట్టు పెట్టకుండా ఉంటుందా?

"ఇటలీ బొమ్మకి కుంకుమేటి? నకలు తెచ్చి నన్ను ఎర్రోణ్ణి సేస్తావా!"

"ఒట్టు తిబన్! ఇదే అసలుది! మా అవ్వ ఎట్టింది బొట్టు! నేను దొంగనే... అందరికీ అబద్ధాలే సెప్పినాను... ఇది మాత్రం నిజం!"

"అయితే అవ్వనే అడుగు. స్పీకర్ ఎట్టు."

పునిత ఫోన్ తీసి అవ్వ నంబరు నొక్కుతుంది. రింగ్... రింగ్...

"ఏటమ్మా?" ఎర్రమ్మ గొంతు.

"అవ్వా! పూజ గదిలో పటానికి బొట్టెట్టింది నువ్వే కదా? సెప్పవ్వా! నువ్వే కదా!"

అరిచినట్టే వచ్చింది మాట. గద్దించినట్టే వినపడి ఉంటుంది.

రేకుల మీద వాన.

"నానా?" ముసలి గొంతు బెదిరిపోయింది. "నువ్వు ముట్టొద్దన్నావు కదే... నాను ముట్టనేదమ్మా! బొట్టూ గిట్టూ ఏటీ ఎట్టనేదు!"

"కోప్పడనవ్వా! నిజం సెప్..."

ధన్! శ్రీకుమార్ కణత దగ్గర పిస్టల్ పేలుతుంది.